వుల్వర్‌హాంప్టన్ ప్లేటు, రెడింగ్ బుకింగ్: రికార్డు ఎలా ఉండాలి?

ఇంగ్లండ్‌లో మినీక్యాబ్ (ముందుగా బుక్ చేసుకునే అద్దె కారు) నడిపే మనవాళ్లు దయచేసి చెప్పండి. నా డ్రైవర్ బ్యాడ్జి, కారు ప్లేటు (అంటే డ్రైవర్, కారు లైసెన్సులు) రెండూ వుల్వర్‌హాంప్టన్ కౌన్సిల్‌వి. రెడింగ్ కౌన్సిల్ లైసెన్సున్న ఆపరేటర్ (బుకింగులు తీసుకునేవాడు) నేరుగా పనిస్తానంటున్నాడు. ఈ లైసెన్సుల మీదున్న 1976 చట్టం ప్రకారం డ్రైవర్, కారు, ఆపరేటర్ లైసెన్సులు మూడూ ఒకే కౌన్సిల్‌వి కావాలి, కాబట్టి అలా కుదరదు. సవారీ ఎక్కడ చేసినా ఇబ్బంది లేదు, చిక్కంతా బుకింగ్ దగ్గరే. వేరే కౌన్సిల్ ఆపరేటర్‌కి బుకింగ్ అప్పగించనిచ్చే 2015 సడలింపు వాడుకోవాలంటే అతను ఆ బుకింగ్‌ని వుల్వర్‌హాంప్టన్ ఆపరేటర్‌కి సబ్‌కాంట్రాక్ట్ ఇవ్వాలి, నన్ను పంపేది వాళ్లే కావాలి. తేడా వస్తే ఇన్సూరెన్స్ కూడా చెల్లకపోవచ్చు, అందుకే భయం.

రెండుచోట్లా లైసెన్సులున్నది ఒకే కంపెనీ అయితే, ఈ బదిలీ రెండు లైసెన్సుల బుకింగ్ రికార్డుల్లోనూ విడిగా ఎక్కాలా? రోడ్డు మీద తనిఖీలో మీరు ఏం చూపిస్తున్నారు, యాప్‌లో ఆపరేటర్ పేరు కనిపిస్తే తనిఖీ అధికారులు ఒప్పుకుంటున్నారా?