23 రోజుల పాప, రెండు గంటలకోసారి పాలు. మధ్యలో పంప్ ఎప్పుడు పెట్టుకోవాలి?

పాప అమ్మ, కడప:
అక్కలూ, మా పాపకు ఈరోజుకు 23 రోజులు. ఎర్రముక్కపల్లెలో అమ్మవాళ్లింట్లో ఉన్నాను. మూడో నెల నిండగానే డ్యూటీలో చేరాలి, ఇంకా సెలవు కుదరదన్నారు. అందుకని ఇప్పటినుంచే పాలు తీసి దాచుదామని పంప్ కొన్నాం.

పాప రోజుకు పది పన్నెండుసార్లు తాగుతుంది. తాగించి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, పడుకోబెట్టేసరికి ముప్పావుగంట. ఇంకో గంట ఆగి పంప్ పెడితే, ఇరవై నిమిషాలకు సీసా అడుగున 20 ఎంఎల్. సరిగ్గా అప్పుడే పాప లేచి గుప్పిళ్లు చప్పరిస్తుంది. రొమ్ము మెత్తబడిపోయి ఉంటుంది, నాలుగు గుటకలు వేసి వదిలేసి ఏడుస్తుంది. నిన్న ఆ ఏడుపు చూడలేక తీసిన 20 ఎంఎల్ చెంచాతో పట్టేశాను. ఇక దాచిందేముంది?

"బిడ్డ నోటికాడివి పిండుకుంటే ఎట్లమ్మా" అంటోంది అమ్మ. రాత్రంతా అదే టెన్షన్. నాకు పాలు చాలడం లేదా? ఈ ఎండల్లో, కరెంటు పోతే, తీసిన పాలు ఎంతసేపు నిలుస్తాయి?

ఇద్దరు పిల్లల తల్లి, అనంతపురం:
చెల్లీ, ముందు కళ్లు తుడుచుకో. బిడ్డ తాగిన గంటకు 20 ఎంఎల్ వచ్చాయంటే తక్కువేం కాదు, అవి తాను తాగగా మిగిలినవి. బిడ్డ నోటికి చేపినట్టు మిషన్‌కు చేపవు. మొదటి కాన్పప్పుడు నేనూ సీసా మీద గీతలు చూసి కుమిలిపోయాను.

రోజంతా పంప్ పట్టుకోవద్దు. తెల్లవారుజామున ఒక్కసారి చాలు, ఆ వేళ పాలు ఎక్కువుంటాయి. నేను బాబుకు ఒకవైపు ఇస్తూ రెండోవైపు పంప్ పెట్టేదాన్ని. వాడు లాగుతుంటే రెండోవైపు దానంతటదే చేపుకొచ్చేది. వాడి కాళ్లు ట్యూబుకు తగలకుండా మధ్యలో చిన్న దిండు. పంప్‌కు రొమ్ము మీద ఆనే గరాటు సైజు కూడా చూసుకో, చిన్నదైతే రాసుకుని పుండవుతుంది. నాది మార్చాకే నొప్పి పోయింది.

పంప్ తీసిన వెంటనే పాప లేచినా రొమ్ముకే వేసుకో. కుండ ఖాళీ అయినట్టు ఖాళీ కాదు, బిడ్డ చప్పరిస్తుంటే వస్తూనే ఉంటాయి. రెండు వైపులా మార్చి మార్చి ఇవ్వు.

స్టాఫ్ నర్సు, కర్నూలు:
బాలింతల వార్డులో పనిచేస్తాను. పాలు చాలేదీ లేనిదీ సీసా చెప్పదమ్మా, తడిసిన గుడ్డలు చెప్తాయి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చి, ఆపైన పెరుగుతుంటే చాలుతున్నట్టే. ఒకసారి తూయించండి.

ఆరో వారం దాకా పొద్దున ఒక్కసారికి మించి పంప్ వద్దు. ఎంత తీస్తే అంత తయారవుతాయి, ఎక్కువై గడ్డకడితే మీకే బాధ. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి జ్వరమొస్తే డాక్టరుకు చూపించండి, ఆ వైపు ఇవ్వడం మాత్రం ఆపొద్దు.

బయట నాలుగు గంటలు ఉంటాయని రాసేది 25 డిగ్రీల గదికి. మన ఎండలకు ఆ లెక్క పనికిరాదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు అరలో కాదు, లోపలి గోడవైపు. నాలుగు రోజులుంటాయి. డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు. ఫ్రిజ్‌లోనే కరిగించి ఉంచినవి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. పొయ్యి మీద పెట్టొద్దు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుంటే ఫ్రిజ్‌లో నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది.

పాప అమ్మ, కడప (ఆరు రోజుల తర్వాత):
2.8 కిలోలతో పుట్టిన పాప ఇప్పుడు 3.4! ఈరోజు ఐదింటికి ఎడమవైపు పాప, కుడివైపు పంప్. ముందు ఒక్కో చుక్కే పడింది. పాప గుటకలు వినిపించడం మొదలయ్యాక గరాటులో సన్నటి ధార. 50 ఎంఎల్! సీసాకు ప్లాస్టర్ అంటించి తేదీ రాసింది మా అమ్మే. కరెంటు పోతే ఫ్రిజ్ ముట్టుకోవద్దని నాన్నకు గట్టిగా చెప్పింది కూడా.