తెర మీద బొమ్మలు నడిపే ఆర్టిస్టు బ్యాండులో సభ్యుడా, కాదా?

బ్రాడీపేట సింథ్:
గుంటూరులో మేమిద్దరం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తాం. ఏడాదిగా విజయవాడ ఆర్టిస్టు ఒకతను మాతో ఉన్నాడు. షోలో తెర మీద కనిపించే బొమ్మలన్నీ అతనివే. మా కీబోర్డు నుంచి వెళ్లే, ఏ మీట ఎప్పుడు నొక్కామో చెప్పే మిడి సిగ్నల్‌ పట్టుకుని అప్పటికప్పుడు నడిపిస్తాడు. ఇప్పుడు ఆల్బమ్ తెస్తున్నాం. అతన్ని మూడో సభ్యుడిగా వేసి, వచ్చేదాంట్లో మూడో వంతు ఇద్దామని నేనంటున్నా. మావాడు మాత్రం షోకి ఇంత అని ఇచ్చేద్దామంటాడు. మీరేమంటారు?

బెంజిసర్కిల్ బేస్:
మీవాడి మాటే సబబు. నేను బస్సెక్కి ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుంటే గుంటూరు వచ్చేదాకా పాటలు వింటూనే ఉంటా, ఫోన్ జేబులోంచి తీయను. అక్కడ బొమ్మ ఎక్కడుంది? జర్మనీ బ్యాండు క్రాఫ్ట్‌వెర్క్ సంగతే తీసుకోండి. 1974లో వచ్చిన ‘ఆటోబాన్’ ఆల్బమ్ అట్ట మీద బొమ్మ ఎమిల్ షుల్ట్ అనే చిత్రకారుడు వేశాడు. 2009లో శబ్దం మెరుగుపరిచి మళ్లీ తెచ్చిన రీమాస్టర్‌కి వచ్చేసరికి అది తీసేసి నీలం మీద తెల్లటి రోడ్డు గుర్తు పెట్టారు. పాటకేం లోటు రాలేదు కదా.

గవర్నర్‌పేట కుంచె:
అన్నా, షుల్ట్ పేరెత్తావు కాబట్టి మిగతా సగం నేను చెప్తా. ఆ ఆల్బమ్‌లో అదే పేరున్న పాట రాసినవాళ్లలో బ్యాండు పెట్టిన హ్యూటర్, ష్నైడర్‌లతో పాటు అతని పేరూ ఉంది. డ్యుసెల్‌డార్ఫ్ అకాడమీలో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకున్న మనిషి ఆ బ్యాండు పాటలకి మాటలు కూడా రాశాడు. అట్ట మీంచి బొమ్మ పోయింది. పాట కింద పేరు పోలేదు. బొమ్మలవాళ్లం మేం అడిగేదీ అదే, పాట పుట్టేటప్పుడు మనిషి ఆ గదిలో ఉంటే పేరు పాట కిందే ఉండాలి.

ఇంకోటి. 2012లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో క్రాఫ్ట్‌వెర్క్ వాళ్లు ఎనిమిది రాత్రులు ఎనిమిది ఆల్బమ్‌లు వాయించారు, జనం త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. బొమ్మతో పనిలేకపోతే ఆ కళ్లద్దాలెందుకు? అంతదూరం ఎందుకు, మన నరసరావుపేట వైపు తోలుబొమ్మలాటలో బొమ్మ ఆడించేవాడే గొంతెత్తి పాడతాడు, కాలికింద చెక్క తొక్కి చప్పుడూ చేస్తాడు. హార్మోనియం, మద్దెల ఆ తెర వెనకే. ఇవాళ బొమ్మకో రేటు, పాటకో వాటా అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ ఊళ్లో సినిమా హాళ్ల ముందు గుడ్డ బ్యానర్లు రాసిన చేతులు ఫ్లెక్సీ రాగానే ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

అరండల్‌పేట వకీలు:
బాధ న్యాయమే తమ్ముడూ, కానీ చట్టం దాన్ని చూడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి, తీయించుకున్న ఫిల్మ్‌కి మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. 2012 సవరణ రాయల్టీలో సమాన వాటా కాపాడింది పాట రాసినవారికీ స్వరం కట్టినవారికీ. బొమ్మకి ఆ రక్షణ లేదు. హక్కులు రాసిచ్చేసినా ‘ఇది నా పని’ అనే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మిగులుతుంది. షోకి ఇంత అని చేతిలో పెడితే మీ ఆర్టిస్టుకి దక్కేది ఆ పేరొక్కటే కావచ్చు. అందుకే కాగితం రాసుకోండి. హక్కులు బదిలీ చేస్తుంటే ఎన్నేళ్లకో కూడా వేయండి, వేయకపోతే చట్టం అయిదేళ్లనుకుంటుంది.

బెంజిసర్కిల్ బేస్:
షో డబ్బులో మూడో వంతు ఇవ్వండి, కాదనను. టికెట్ కొన్నవాడు తెర చూశాడు. స్ట్రీమింగ్‌లో ఎందుకు?

గవర్నర్‌పేట కుంచె:
అతని బొమ్మ చూసి మీరు మార్చుకున్న పాట ఒక్కటీ లేదా, బ్రాడీపేట అన్నా?

బ్రాడీపేట సింథ్:
ఉంది. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పటి నీళ్లు గీశాడు. ఆ కదలిక సాగాలని పాట వేగం తగ్గించాం, మధ్యలో డ్రమ్స్ తీసేశాం. అతను లేకపోతే ఆ పాట అలా ఉండేది కాదు.

బెంజిసర్కిల్ బేస్:
అయితే ఆ పాటలో వాటా అతనిది, ఒప్పుకుంటున్నా. మిగతా పాటల్లో మూడో వంతుకి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

బ్రాడీపేట సింథ్:
మావాడూ ఇదంతా చదివాడు. షోలలో మూడో వంతు, ఆ పాట కింద ముగ్గురి పేర్లు అన్నంతవరకు దిగాడు. మిగతా పాటల లెక్క ఆదివారం ముగ్గురం కూర్చుని తేల్చుకుంటాం. వకీలు గారూ, కాగితం రాశాక ఒకసారి మీకు చూపిస్తానండి.