కొత్త లాంగ్‌బో: బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి, మోచేయి గుంజుతోంది

అన్నలకు నమస్కారం, మాది హన్మకొండ. మూడేళ్లు సైట్ (గురి చూసుకునే పరికరం) ఉన్న రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) వేశాను. ఈ దసరాకి, లాగడానికి 45 పౌండ్ల బలం పట్టే లాంగ్‌బో (సైట్ లేని పొడవాటి సాదా విల్లు) కొని, జమ్మి దగ్గర పెట్టి మొక్కి మరీ మొదలుపెట్టాను. పది మీటర్ల నుంచే బాణం జానెడు ఎడమకు పోతోంది. వదలగానే విల్లు చేతిలో అదురుతోంది, నారి మణికట్టుకు కొడుతోంది, ఇరవై బాణాలకే మోచేయి నొప్పి. బాణాలు పాత కార్బన్‌వే. కుడిచేత్తో లాగుతాను. ఇంకోటి, దీంతో అడవిపంది వేటకు పోవచ్చా?

కరీంనగర్ నుంచి:
తమ్ముడూ, తప్పు విల్లుది కాదు, బాణాలది. రికర్వ్‌లో బాణం కూర్చునే చోటు మధ్యదాకా కోసి ఉంటుంది, లాంగ్‌బోలో ఉండదు. బాణం కర్ర పక్క నుంచి వంగి తిరిగి రావాలి. గట్టి బాణం వంగదు, అందుకే ఎడమకు కొడుతుంది. కొత్తవి కొనే ముందు వాటికే బరువైన ములికి బిగించి చూడు, కొంచెం మెత్తబడతాయి. బాణం బరువు పెరిగితే అదురు కూడా తగ్గుతుంది, తేలిక బాణం మోసుకుపోలేని బలమంతా నీ చేతికే వస్తోంది.

ములుగు నుంచి:
నారి ఎత్తు, అంటే విల్లు పిడికీ నారికీ మధ్య దూరం, చూశావా తమ్మీ? విల్లు పట్టుకునే చోట పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెట్టు, వేలి కొస నారికి తాకాలి, సుమారు ఏడు అంగుళాలు. తక్కువుంటే నారి విప్పి నాలుగు మెలికలు ఎక్కువ తిప్పు. మోచేయి బిగబట్టకు, కొంచెం వదులుగా ఉంచు. మా తాత వెదురు విల్లుకు వెదురు బద్దే నారి, సైట్ లేదు గియిట్ లేదు, చూపంతా కొట్టాల్సిన చోటే ఉండేది. నువ్వు కూడా గోనెసంచిలో పాత గుడ్డలు కూరి, ఐదు మీటర్ల నుంచి నెలరోజులు వెయ్యి. పని అయిపోగానే నారి దించు. ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం పెట్టకు, మన ఎండకు పొరల మధ్య జిగురు ఊడుతుంది. వేట మాట మర్చిపో, 1972 వన్యప్రాణి చట్టంలో అడవిపంది కూడా ఉంది. పంట పాడుచేస్తున్నా మనంతట మనం కొట్టకూడదు, అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

టెక్సాస్ నుంచి, సొంతూరు జగిత్యాల:
ఇక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో లాంగ్‌బోతో జింకను కొట్టొచ్చు, నేను వెళ్తాను కూడా. కానీ ఇరవై గజాలు దాటితే బాణం వదలను, గాయపడి పారిపోయిన జంతువు కోసం రాత్రంతా లైటు పట్టుకుని తిరగడం ఎంత బాధో ఒకసారి చూశాను. రోజూ పొద్దున్నే చెయ్యి వేడెక్కకముందు ఒక్క బాణం వేసి, అది ఎక్కడ తగిలిందో రాసిపెట్టుకో. నీ గురి ఎంతో ఆ మొదటి బాణమే చెబుతుంది.

హన్మకొండ నుంచి మళ్లీ:
కొలిచాను అన్నా, ఐదున్నర అంగుళాలే ఉంది! మెలికలు తిప్పాక మణికట్టుకు తగలడం ఆగింది. ఎడమకు పోవడం ఇంకా ఉంది, ములికీలు ఆదివారం తెస్తాను.