సమస్య: "జిడ్డు పూసినంత జిడ్డు వదలె"

అరుగు:
ఈ వారం సమస్యాపూరణ ఆటవెలదిలో. నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు మీవి.

జిడ్డు పూసినంత జిడ్డు వదలె

వానలు తగ్గాయి కదా అని మొన్న ఆదివారం సైకిల్ వెనక చక్రం విప్పి వరండాలో కూర్చున్నాను. పాత పేపరు పరిచి, ఇరుసు మీద గుండ్లను అదిమిపట్టే కోన్ ఊడదీస్తే లోపల గ్రీజు తారులా నల్లబడి ఉంది, గోటితో గీకితే మైనంలా పెచ్చులూడింది. బేరింగు గుండ్లు స్టీలు సాసర్లో వేసి లెక్కపెడితే 17 వచ్చాయి. వెనక హబ్బుకు, అంటే చక్రం నడిమి బొడ్డుకు, పక్కకు 9 చొప్పున 18 ఉండాలి. చాప ఎత్తి చూశాను, మంచం కింద టార్చి వేసి చూశాను, అరగంట టెన్షన్. చివరికి అది గుండ్లు కూర్చునే కప్పు అంచున ఆ నల్లటి ముద్దలోనే కూరుకుపోయి ఉంది. గుడ్డతో దాన్ని తుడుస్తుండగా ఈ పాదం నోట్లోకి వచ్చింది.

గ్రీజుకు అసలు తెలుగు మాట కందెన. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంతో కందెన పెట్టేవాళ్లు, ఆ మాటే వాడాలని మనసు. కానీ "కందెన" భగణం (ఒక గురువు, రెండు లఘువులు), ఈ పాదంలో అన్నీ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు), అక్కడ కూర్చోదు. అందుకే జిడ్డు. విషయం సైకిల్ చుట్టుపక్కలే ఉండాలి. మొదటి జిడ్డు ఏది, రెండో జిడ్డు ఏది, మొదటిది పూయడం వల్లనే రెండోది ఎలా వదిలింది, ఈ మూడూ పద్యంలోనే తేలాలి. కింద వివరణ రాసుకోవలసి వచ్చిందంటే పూరణ పూర్తి కానట్టే.

ఇరుసు:
అందరికీ నమస్కారం. నా మొదటి ప్రయత్నం.

పాత జిడ్డు తుడిచి బాల్సులు కడిగితి
కిరసనాయిలున్న గిన్నెలోన
కొత్త గ్రీజు పూసి గోళీలఁ బేర్చితి
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

పాత చక్రం:
ఇరుసు గారూ, నడక బాగుంది. ఒక అనుమానం. మూడో పాదంలో "కొత్త" తర్వాత "గ్రీ" సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న "త్త" గురువైతే అది గగమై (రెండు గురువులై) పోతుంది, సూర్యగణం కాదు. అరుగు గారు చెప్పాలి.

అరుగు:
గురువు కాదండీ. కొత్త, గ్రీజు రెండూ విడివిడి మాటలు, సంస్కృత సమాసం కాదు. "దివ్యగ్రంథము" అంటే "వ్య" గురువే, ఎందుకంటే అది ఒక్క పదంగా పలుకుతుంది. "కొత్త గ్రీజు" అన్నప్పుడు మన నాలుక "త్త" మీద ఊనదు, ఒకసారి పైకి అని చూడండి. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన యతులు పా-బా, కి-గి, కొ-గో, మూడూ సరిపోయాయి. ఛందస్సులో ఇరుసు గారికి వంక పెట్టలేను.

వంక వేరేచోట ఉంది. మొదటి పాదంలోనే పాత జిడ్డు తుడిచేశారు, రెండో పాదంలో గుండ్లు కిరసనాయిల్లో కడిగేశారు. మరి నాలుగో పాదానికి వచ్చేసరికి వదలడానికి జిడ్డు ఎక్కడుంది? పని వరసగా చేసినట్టు చెప్పారు, పని నిజంగా అలాగే చేయాలి కూడా, కానీ సమస్య అలాగే మిగిలిపోయింది. ఇంకొకటి, "బాల్సు" అంటేనే బహువచనం, దానిమీద మళ్లీ "లు" ఎందుకు? అవే మళ్లీ మూడో పాదంలో గోళీలయ్యాయి. ఇంత చిన్న పద్యంలో ఒకే వస్తువుకు రెండు పేర్లుంటే రెండు వస్తువులనుకుంటారు. విప్పిన చేత్తో రాసిన పద్యమని తెలుస్తోంది, మళ్లీ ప్రయత్నించండి.

ఎర్ర గంట:
నాకు సైకిల్ విప్పడం రాదు, విప్పినవాళ్ల చేతులు ఉతకడం వచ్చు. మా ఇంట్లో ఆ పని అయ్యాక వాష్‌బేసిన్ చూడాలి.

చేతికంటుకున్న చిక్కని గ్రీజుకు
సబ్బు నురుగుకైన సడలదయ్యె
నారికేళ తైల నాల్గు చుక్కలు రుద్ద
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

అరుగు:
ఎర్ర గంట గారూ, పూరణ అంటే ఇదీ. గ్రీజు నీళ్లకు లొంగదు, ఉత్త సబ్బుకు సరిగా లొంగదు, నూనెకు లొంగుతుంది, నూనెలో అది కరుగుతుంది కాబట్టి. ముందు కొబ్బరినూనె బాగా పట్టించి పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత శనగపిండో సబ్బో వాడితే గోళ్ల సందులు కూడా తెల్లబడతాయి. చాలామంది కిరసనాయిలుతో చేతులు కడుగుతారు, దానివల్ల చర్మం పగులుతుంది, ఆ పని చేయకండి. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు ఇక్కడ జిడ్డును జిడ్డే తీసింది. పద్యం చదివితే చాలు, వివరణ అక్కర్లేదు.

రెండు సవరణలు. మొదటి పాదంలో "గ్రీజుకు" అని షష్ఠిలో పెట్టారు, దానికి క్రియ దొరకడం లేదు. "గ్రీజది" అనండి, గణం చెడదు, "సడలదయ్యె"కు కర్త దొరుకుతుంది. రెండోది పెద్ద దోషం, మూడో పాదంలో "నారికేళ తైల" అని సంస్కృత సమాసాన్ని ఎత్తుకుని "నాల్గు చుక్కలు" అని తెలుగు మాటలు అతికించారు. తైలము అనైనా ఉండాలి, లేకపోతే అది దుష్ట సమాసం. ఆ పాదం మొత్తం మార్చితే మంచిది.

పాత చక్రం:
"తలకు రాయు నూనె దట్టించి రుద్దితి" అంటే ఎలా ఉంటుంది? త-ద యతి కుదిరింది. కొబ్బరినూనె అని పేరు పెట్టి చెప్పక్కర్లేదు, మన ఇళ్లల్లో తలకు రాసే నూనె అంటే అదే కదా.

ఎర్ర గంట:
అయ్యో, ఇది నాకు ఎందుకు తట్టలేదు! అలాగే మార్చుకుంటున్నాను. సంతోషం.

రెండో గేర్:
శాన్ హోసే నుంచి రాస్తున్నాను. నా దగ్గర సన్‌టూర్ అనే సైకిల్ భాగాల కంపెనీ వాళ్ల పాత గ్రీజ్ గార్డ్ హబ్ ఉంది. దాన్ని విప్పకుండానే చిన్న కన్నంలోంచి గ్రీజు గన్‌తో కొత్త గ్రీజు ఎక్కిస్తే అది బేరింగు గుండా వెళ్లి పాతదాన్ని బయటి అంచుకు నెట్టేస్తుంది. అరుగు గారి పాదం చూడగానే అదే గుర్తొచ్చింది.

హబ్బు కన్నమునకు నానించి పిచికారి
మెల్లమెల్లగాను మీట నొక్క
కోను పక్కనుండి గ్రుక్కెడు మసి కారె
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

అరుగు:
చాలా చక్కటి వస్తువు. "గ్రుక్కెడు మసి" అన్న మాట దగ్గర ఆగిపోయాను, నల్లగా చిక్కగా కారడం కళ్లకు కట్టింది. గ్రీజు గన్‌కు పిచికారి అనడం కూడా నచ్చింది. కన్నమునకున్ + ఆనించి కాబట్టి హకారానికి ఆకారం యతి, సరిపోయింది. నా అభ్యంతరం ఒకటే, మీరు జిడ్డు పూయలేదు, ఎక్కించారు. పద్యమంతా నొక్కి నొక్కి చివర "పూసినంత" అంటే అది సమస్య ఇచ్చినవాడి మాటగానే మిగిలిపోయింది, మీ మాట కాలేదు. హబ్బు పని నూటికి నూరుపాళ్లు నిజం, క్రియ దగ్గర మాత్రం జారింది.

అమ్మ సైకిల్:
ఛందస్సు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగినది.

చక్రమాగిపోయె రోడ్డు మీదనె నాకు
గట్టిపడిన జిడ్డు కప్పులోన
నాన్న విప్పి చూచి నవ్వి పూసెను గ్రీజు
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

పాత చక్రం:
మొదటి పాదంలో యతి తప్పిందమ్మా. "చ"కు "రో" కుదరదు. రోడ్డు తీసేసి "సడకు" పెట్టు, "చక్రమాగిపోయె సడకు మీదనె నాకు". గణాలు కూడా నిలుస్తాయి, నగము, సలము, రెండూ ఇక్కడ రావలసిన ఇంద్రగణాలే. మా వైపు సడక్ అనే అంటాం, ఎవరికీ కొత్తగా ఉండదు.

అరుగు:
సవరణ బాగుంది. అమ్మ సైకిల్ గారూ, "నాన్న విప్పి చూచి నవ్వి" అన్న ఆ నడక ఎవరో నేర్పితే వచ్చేది కాదు, మూడు చిన్న క్రియల్లో మనిషి మొత్తం కనిపించాడు. నేర్చుకుంటున్నాను అంటున్నారు గానీ ఇక్కడున్న మాకందరికీ ఆ పాదం కావాలి.

కానీ పని విషయంలో ఊరుకోలేను. గట్టిపడిన గ్రీజు మీద కొత్తది పూస్తే వదలదు, కలుస్తుంది. ఆ మైనం పెచ్చులు, ఇసుక రేణువులు కొత్త గ్రీజులో చేరి కప్పును, కోన్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. పైగా లిథియం గ్రీజు మీద బెంటొనైట్ మట్టితో చేసినది పూస్తే రెండూ పడక పలచబడి కారిపోయే ప్రమాదం ఉంది. మీ నాన్నగారు తప్పకుండా ముందు తుడిచే ఉంటారు, ఆ తుడవడం పద్యంలోకి రాలేదు. చదివిన పిల్లలెవరైనా తుడవకుండా పూస్తారేమోనని నా భయం.

అమ్మ సైకిల్:
తుడిచారండీ. నాన్న పాత లుంగీ ముక్కను కిరసనాయిల్లో తడిపి కప్పులో వేలితో తిప్పడం, ఆ ముక్క నల్లబడితే ఇంకో ముక్క చింపడం బాగా గుర్తుంది. అయిదారు ముక్కలయ్యాక గానీ కప్పు అడుగు మెరవలేదు. అప్పుడు నన్ను పిలిచి చూడమన్నారు, గుండ్లు నడిచిన దారి అద్దంలా గుండ్రంగా మెరుస్తోంది. దాన్ని ఎలాగైనా రెండో పాదంలోకి తెస్తాను.

తాతయ్య:
నాది వేరే దారి.

తాత! నేను పూతుఁ! దా గ్రీజు డబ్బాను
అనుచు నొకటె పోరు హఠము పట్టి
కోరినట్లె యిచ్చి కూర్చుండఁ బెట్టితిన్
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

అరుగు:
శ్లేషతో కొట్టారు తాతయ్య గారూ! మొదటి జిడ్డు డబ్బాలోది, రెండోది మనవడి పోరు. "జిడ్డు వదిలింది" అని మనం రోజూ అనే మాటే, దానికి సైకిల్‌ను ముడిపెట్టడం అందరికీ తోచేది కాదు. "దా" అన్న పిలుపు పిల్లవాడి నోట్లోంచి ఊడిపడ్డట్టుంది. మూడో పాదంలో "కోరినట్లె యిచ్చి" దగ్గర ఇంకొంచెం పని చూపించి ఉంటే బాగుండేది, పిల్లవాడి చేత ఏం చేయించారో?

తాతయ్య:
నిజంగా జరిగిందే. కప్పులో గ్రీజు వేలితో గట్టులా నేను పరిచాను, గుండ్లు పెట్టడం వాడి పని. ఒక్కొక్కటీ గట్టులో గుచ్చితే పడిపోకుండా అతుక్కుంటుంది, ఆ అంటుకోవడం చూసి వాడికి ఒకటే ఆశ్చర్యం. తొమ్మిది పెట్టాక ఇంకొకటి పట్టేంత సందు కనిపిస్తే పదోదాని కోసం ఏడ్చాడు. ఆ సందు ఉండాలిరా, గుండ్లు దొర్లడానికి కాస్త చోటుండాలి అని చెప్పి, డబ్బాలో మిగిలిన గుండును చేతికిచ్చి దాచుకోమన్నాను.

ఇరుసు:
అరుగు గారు చెప్పింది పట్టుకుని ఈ ఆదివారం మళ్లీ చక్రం విప్పాను. పద్యం కోసం విప్పానంటే ఇంట్లో నమ్మలేదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టి, కోన్ బిగించి చక్రం తిప్పితే, లోపలికి దుమ్ము పోకుండా ఉండే డస్ట్ క్యాప్ అంచు చుట్టూ సన్నటి నల్లని గీత తేలింది. నేను కడిగేశాననుకున్నదే, క్యాప్ మడతలో దాక్కుని ఉంది, కొత్త గ్రీజు నెట్టుకొచ్చింది. తుడిచి మళ్లీ తిప్పితే ఇంకాస్త వచ్చింది. మూడోసారికి వచ్చింది పచ్చగా శుభ్రంగా ఉంది.

కొత్త గ్రీజు నద్ది గోళీలఁ బేర్చితి
చక్రమొక్కసారి చరచి త్రిప్ప
మూల దాగియున్న మురికంత వెలివచ్చె
జిడ్డు పూసినంత జిడ్డు వదలె

పాత చక్రం:
ఇరుసు గారూ, చెయ్యి ఇవ్వండి. "చరచి త్రిప్ప" చదవగానే చక్రం చప్పుడు వినబడింది.

అరుగు:
ఈ వారం పూరణ ఇదే. కొత్త జిడ్డు పూశారు, తిప్పారు, దాగి ఉన్న పాత జిడ్డు వచ్చింది, ఒకదానివల్ల ఒకటి. గోళీలు ఒక్క పేరుతోనే ఉన్నాయి. ఎర్ర గంట గారిది, తాతయ్య గారిది ఆ వెంటనే, ఆ రెండింటిలో ఏది ముందో తేల్చలేకపోతున్నాను. "మురికంత" అన్నచోట ఎవరైనా మూడుసార్లు తుడిచిన సంగతి అడుగుతారేమో, నేను అడగను, పద్యంలో అంత చోటు లేదు.

కోన్ ఎంత బిగించారు ఇరుసు గారూ?

ఇరుసు:
చేత్తో పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, కోన్‌ను సన్నపానాతో కదలకుండా పట్టుకుని పై నట్టు బిగించాను. మొదటిసారి రిమ్ము పట్టుకుని అటూ ఇటూ ఊపితే టకటకమంది, మళ్లీ కాస్త దగ్గర చేశాను. ఇప్పుడు చక్రాన్ని వదిలేస్తే వాల్వు బరువుకు కిందికి దిగి, ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి ఊగి అడుగునే ఆగుతోంది. ఇరవై నిమిషాలు అది చూస్తూ కూర్చున్నాను.

అరుగు:
వాల్వు అడుగున ఆగిందంటే బిగువు సరిపోయినట్టే. ముందు చక్రం కూడా విప్పేవాళ్లకు ఒక్క మాట, అందులో గుండ్లు చిన్నవి, 3/16 అంగుళం, పక్కకు 10. వెనకవి పావు అంగుళం. రెండూ ఒకే సాసర్లో వేయకండి. వచ్చే సమస్య కందంలో ఇస్తాను, శనివారం రాత్రికి.