‘అవ్వల’లో అంచు చేరుతుందా?

అరసున్న: పైథాన్‌లో అంతరాలతో (రెండు సంఖ్యల మధ్య ఉన్న సంఖ్యలన్నిటితో) లెక్కలు చేసే ‘పోర్షన్’ లైబ్రరీ మీద పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. 0, 1 మధ్య సంవృతాంతరానికి (క్లోజ్డ్, అంటే రెండు అంచులూ కలిసినది) పూరకం, అంటే అందులో లేనివన్నీ, అడిగితే 0కి ఇవతలివి, 1కి అవతలివి అన్నీ ఇస్తుంది. 0, 1 మాత్రం రావు. ఈ ‘అవతల’ దగ్గరే పోతన గారి గజేంద్రుడు పట్టుకున్నాడు. ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగినఁ దుది’ అన్న కందంలో, లోకాలన్నీ తెగిన తుదిని ఉండే పెనుచీకటికి అవతల వెలిగేవాణ్ణి కొలుస్తానంటాడు కదా. ‘పెంజీకటి కావల’నా, ‘కవ్వల’నా? అందులో చీకటి అంచు కలుస్తుందా?

కందప్రియ: ‘కవ్వల’. చిన్నప్పటి నుంచీ అలాగే వచ్చు.

గణవిభజన: నోటికి రావడం వేరండీ. ‘కావల’, ‘కవ్వల’ రెండూ భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), ఛందస్సు ఏదీ తేల్చదు. కానీ వెంటనే ‘నెవ్వం’ ఉంది. ‘కవ్వల నెవ్వం’లో ఆ వకారం రెండుసార్లు ఒత్తి పలికితే ఎంత బాగుంటుంది! నా ఓటు దానికే.

లెక్కల మాస్టారు: అంచు కలవదు. ఏటికి అవతల ఊరంటే ఏరు లెక్కలోకి రాదు. ఇబ్బందల్లా ‘దాకా’తోనే. శుక్రవారం దాకా సెలవంటే శుక్రవారమూ సెలవే, ‘శుక్రవారం లోపు’ అంటే మాత్రం ఇంట్లోనే రెండు మాటలు వినిపిస్తాయి. ఆ అంచు ఎంత పని చేస్తుందో చూడండి: 0–1, 1–2 రెండూ వివృతాలైతే (ఓపెన్, అంటే అంచులు కలవనివి) సమ్మేళనం చేసినా, అంటే రెంటినీ కలిపినా, రెండు ముక్కలుగానే ఉంటాయి, 1 బయటే. ఒకదానికి 1 వైపు మూసేస్తే రెండూ అతుక్కుని ఒకటే అంతరం అవుతుంది.

సూత్రం: వివృతం, సంవృతం శిక్షాశాస్త్రంలోనూ (ఉచ్చారణ శాస్త్రంలో) నోరు తెరిచి, మూసి పలకడానికి ఉన్న మాటలే మాస్టారూ. పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి చివరి సూత్రం ‘అ అ’. శాస్త్రమంతా వివృతంగా చూసిన అకారాన్ని అక్కడ సంవృతం చేస్తారు.

కందప్రియ: పాణిని సరే, అదే ఘట్టంలోని ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో ‘అనాదిమధ్యలయుఁడు’ ఉండగా అంచుల గొడవ ఎందుకు? మొదలూ లేదు, తుదీ లేదు. పోతన గారు ఒక్క సమాసంలో చెప్పేశారు.

అరసున్న: ఈ లైబ్రరీలోనూ అంతే! అనంతాన్ని క్లోజ్డ్ అని ఇచ్చినా ఓపెన్‌గానే మార్చేస్తుంది. మరి ‘అవ్వల’ సంగతి?

గణవిభజన: దానికి ముందు ‘దెగినఁ దుది’ తేలాలి. ‘తుది’ అంటే తెగిన క్షణమా, తెగిన తర్వాతి కాలమా? క్షణమైతే అంచు కలిసినట్టే.

లెక్కల మాస్టారు: అది కాలం అంచు. ఆయన అడిగింది చీకటి అంచు.

గణవిభజన: లోకాలే లేనప్పుడు ఆ రెండింటినీ ఎలా విడదీస్తారు?