గేటు ముందు డ్రైన్ లేచింది, గోడ మీద ఎర్ర గీత పడింది: ర్యాంప్ వేసుకోవచ్చా? పరిహారం వస్తుందా?

మూలఇల్లు:
పొద్దుట్నుంచి ఇదే పని మీద ఉన్నాను, తల పగిలిపోతోంది. ఎవర్ని అడిగినా తలో మాట చెబుతున్నారు. మా వీధి వెడల్పు చేస్తున్నారు. కాంపౌండ్ గోడ మీద ఎర్ర రంగుతో గీత కొట్టి పక్కన 8 అని రాసిపోయారు. అడిగితే ఎనిమిది అడుగులు పోతుంది, మీరే తీసుకుంటే మంచిది, లేకపోతే జేసీబీ వస్తుంది అన్నారు. ఈలోగా గేటు ముందు కొత్త డ్రైన్ కట్టేశారు. దాని గోడ మా గేటు మట్టం కన్నా అడుగున్నర ఎత్తుంది. కారు లోపలే ఉండిపోయింది. నా ప్రశ్నలు రెండే. గేటు ముందు నేను ర్యాంప్ పోసుకోవచ్చా? పోయే స్థలానికి డబ్బులు వస్తాయా, రావా? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

సర్వేగొలుసు:
ఏ రాష్ట్రం? నోటీసు ఇచ్చారా? ఇంటికి పర్మిషన్ ప్లాన్ ఉందా? ఈ మూడూ లేకుండా జవాబు లేదు.

కృష్ణాతీరం:
2017 నాటి జీవో 119 చూడండి, బిల్డింగ్ రూల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా రోడ్డు వైపు పోయేది సెట్‌బ్యాక్ స్థలమే కదా. సెట్‌బ్యాక్‌కి పరిహారం ఎక్కడుంటుంది?

తారుపొర:
పరిహారం సంగతి తర్వాత, అసలు రోగం ఇంకోటి ఉంది. పాత తారు గీరకుండా పొర మీద పొర వేస్తూ పోతున్నారు. 50 మి.మీ. డీబీఎం (కింది తారు పొర), దాని మీద 40 మి.మీ. బీసీ (పై తారు పొర) అంటే ఒక్కో విడతకు తొమ్మిది సెంటీమీటర్లు. రెండు విడతలకు ఏడంగుళాలు లేస్తుంది. ఆ లేచిన రోడ్డు మట్టం చూసి డ్రైన్ పైమట్టం పెడతారు, ఇళ్లన్నీ గుంటలో పడతాయి. మిల్లింగ్ చేసి, అంటే మిషనుతో పాత తారు గీరి, ఎంత మందం తీశారో అంతే వేస్తే ఈ గొడవే ఉండదు. వాన పడితే వీధి నీళ్లు మీ పోర్టికోలోకి రావడానికి కారణం కూడా ఇదే. అందరూ గేట్లు ఎత్తుకుంటూ పోతారు గానీ, ఎస్టిమేట్‌లో మిల్లింగ్ ఐటమ్ ఉందా అని ఒక్కరూ అడగరు. బిల్లులో ఉండి పనిలో లేకపోవడం కూడా జరుగుతుంది, అది చూడండి ముందు.

మూలఇల్లు:
అన్నా, మిల్లింగ్ సంగతి సరే, నా కారు బయటికి రావాలి కదా. మాది తెలంగాణ, కార్పొరేషనే, ఊరి పేరు వద్దులెండి. నోటీసు అంటే ఏదో కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇంకా పెట్టలేదు. ప్లాన్ ఉంది, నాన్నగారి బీరువాలో ఉండాలి.

దస్తావేజు:
ఆ కాగితం మీద ఏముందో చదవకుండా సంతకం పెట్టకండి. అది కేవలం నోటీసు అయితే 'అందినది, అభ్యంతరాలకు లోబడి' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి, కాపీ ఉంచుకోండి. 'ఉచితంగా అప్పగిస్తున్నాను' అన్న మాట ఎక్కడైనా ఉంటే అది నోటీసు కాదు, అంగీకార పత్రం. దాని మీద సంతకం పడ్డాక డబ్బు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది.

కృష్ణాతీరం గారూ, జీవో 119 ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణలో 2012 నాటి జీవో 168, దానికి తర్వాత వచ్చిన సవరణలు. ఇక సెట్‌బ్యాక్ అంటే మీ స్థలంలో మీరు ఖాళీగా వదలాల్సిన జాగా. అది మీ పేరు మీదే ఉంటుంది, అమ్మితే దాని విలువా మీకే. రోడ్డుకు పోయే జాగా చేతులు మారుతుంది, దస్తావేజులో విస్తీర్ణం తగ్గుతుంది. రెండూ కలిపి మాట్లాడితే అవతలి వాళ్లకే లాభం.

కృష్ణాతీరం:
అధికారులే సెట్‌బ్యాక్ అంటారండీ, 'సెట్‌బ్యాక్‌లో పోతుంది' అని. నేను కల్పించిన మాట కాదు.

దస్తావేజు:
అంటారు, నిజమే. నోటిమాటగా అననివ్వండి. అర్జీలో మాత్రం 'రోడ్డు విస్తరణలో పోయే స్థలం' అనే రాయాలి.

నడకదారి:
ర్యాంప్ గురించి ఎవరూ అనడం లేదు కాబట్టి నేను చెబుతా. గేటు బయట, రోడ్డు వైపు ర్యాంప్ పోయకండి. ఇంటింటికీ ఒక సిమెంటు దిమ్మె వచ్చాక ఫుట్‌పాత్ మీద నడవడానికి ఏం మిగులుతుంది? వీల్‌చైర్ వాళ్లు, పిల్లల బండి తోసేవాళ్లు రోడ్డు మీదికి దిగాల్సిందే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల నడకదారుల మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103 ప్రకారం ఇళ్ల వీధుల్లో కూడా నడకకు కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి, కర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 150 మి.మీ. దాటకూడదు. ఇళ్ల గేట్ల దగ్గర ఫుట్‌పాత్ అదే మట్టంలో సాగిపోవాలి, బండి ఎక్కే వాలు అంచున ఉండాలి. మీ డ్రైన్ మూత రేపు ఫుట్‌పాత్ అయ్యేదే.

మూలఇల్లు:
నేను ఎవరి దారీ మూయాలనుకోలేదండీ. ఇప్పుడు మూసింది నా దారి.

సిమెంటుబస్తా:
కొలతలు పెట్టండి. డ్రైన్ లోపలి వెడల్పు, గేటు వెడల్పు, గేటు నుంచి పోర్టికో దాకా దూరం, డ్రైన్ పైమట్టానికీ రోడ్డుకూ తేడా. కాంక్రీటు పోసి ఎన్నాళ్లయింది?

మూలఇల్లు:
డ్రైన్ లోపల మూడడుగులు. గేటు పన్నెండు. గేటు నుంచి పోర్టికో దాకా 16 అడుగులు, నేల అంతా ఒకే మట్టం. డ్రైన్ రోడ్డు కన్నా అర అడుగు ఎత్తు. పోసి వారం దాటింది. ఇంకోటి, ఎనిమిది అడుగులు కూలుస్తారంటున్నారు కాబట్టి ఆ 16 ఉండదు.

సర్వేగొలుసు:
మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంత? పాత దస్తావేజు హద్దుల్లో రోడ్డు ఎన్ని అడుగులని ఉంది? ఎదురు వైపు ఎంత మార్క్ చేశారు?

సిమెంటుబస్తా:
ముందు తాత్కాలికం. 12 మి.మీ. మందం ఉక్కు ప్లేట్లు రెండు, ఒక్కోటి అడుగున్నర పైన వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేచోట అడగండి. డ్రైన్ రెండు గోడల మీదా చెరో ముప్పావు అడుగు కూర్చోవాలి, చక్రాలు వెళ్లే చోట ఒక్కోటి. చక్రం బరువు గోడ అంచు మీద పడకూడదు, వారం నాటి కాంక్రీటుకి పూర్తి బలం రాదు, అంచు పెచ్చులూడుతుంది. లోపలి వైపు గ్రావెల్ నింపిన బస్తాలు మెట్లుగా పేర్చి, పైన కంకర చల్లి దిమ్మిస కొట్టండి. రోడ్డు వైపు అర అడుగుకి రెండు వరుసల బస్తాలు చాలు. కారు బయటికి తీశాక రోడ్డు వైపువి ఆ సాయంత్రమే తీసేయండి.

ఇక శాశ్వతం. డ్రైన్ మీద ఒకే పలకగా స్లాబ్ పోయవద్దు, పూడిక తీయడానికి వచ్చినప్పుడు పగలగొడతారు. విడి పలకలు చేయించండి: పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర పైన, మందం ఆరంగుళాలు, ఎం25 కాంక్రీటు, పొడవు దిశలో కింది వైపు 12 మి.మీ. కడ్డీ ఆరంగుళాలకొకటి, అడ్డంగా 8 మి.మీ. కడ్డీ ఎనిమిది అంగుళాలకొకటి. రెండు చివర్లా ఎత్తడానికి కొక్కేలు. గేటు పన్నెండు అడుగులకి ఏడెనిమిది పలకలు పడతాయి, ఒక్కోటి రెండు క్వింటాళ్ల పైన తూగుతుంది. లారీ లోపలికి వచ్చేదైతే ఈ లెక్క చాలదు, ఇంజనీరుకు చూపించండి. పలక మందం డ్రైన్ గోడ మీద అదనంగా లేవకుండా గోడలోనే గాడి ఉంచమని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని) అడగాలి, లేకపోతే ఇంకో అర అడుగు ఎత్తు పెరుగుతుంది.

వాలు మీ గేటు లోపలే రావాలి, నడకదారి గారు చెప్పింది కరెక్టే. అడుగున్నర, అంటే 18 అంగుళాలు దిగాలి. పై చివర రెండడుగులు 1:12 వాలు (పన్నెండు అడుగులకి ఒక అడుగు దిగడం), కింద చివర రెండడుగులు 1:12 వాలు, ఈ రెండింట్లో నాలుగంగుళాలు దిగిపోతుంది. మధ్య ఏడడుగుల్లో 14 అంగుళాలు, అంటే 1:6. మొత్తం 11 అడుగులు. చివర్ల మెత్తటి వాలు లేకుండా నేరుగా 1:6 పెడితే పైన కారు అడుగు గీసుకుంటుంది, కింద బంపర్ కొడుతుంది. గేటు దగ్గర అడ్డంగా అర అడుగు వెడల్పు జాలీ కాలవ పెట్టి డ్రైన్‌లోకి కలపండి, లేకపోతే వాన నీళ్లు ఆ వాలు మీదుగా నేరుగా ఇంట్లోకే.

పోయేది అయిదు అడుగులైతే మీకు సరిగ్గా 11 మిగులుతాయి. ఎనిమిదైతే మిగిలేది ఎనిమిదే. అప్పుడు మధ్య నాలుగడుగుల్లో 14 అంగుళాలు దిగాలి, ఏ కారూ దిగదు. పోర్టికో నేల ఎత్తుకోవాల్సి వస్తుంది.

మూలఇల్లు:
బీరువాలో దొరికాయి. ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు అని ఉంది, మా ముందు '5 అడుగులు రోడ్డుకు పోవును' అని గీత ఉంది. దానితో పాటు రిజిస్టర్ అయిన గిఫ్ట్ డీడ్ ఒకటి ఉంది, కార్పొరేషన్ పేరు మీద. సేల్ డీడ్ హద్దుల్లో 50 అడుగుల రోడ్డు. ఎదురు వైపు రెండడుగులే మార్క్ చేశారు, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంది. మా ముందు పొడవు 40 అడుగులు.

సర్వేగొలుసు:
ఇది మొదట్లోనే చెప్పాల్సింది. 50ని 60 చేయాలంటే చెరి అయిదు. 8, 2 కలిపినా పదే. అంటే మధ్య గీతను మీ వైపు మూడడుగులు జరిపారు. మీరు తారు మధ్య నుంచి కొలవకండి, తారు ఒకవైపుకి ఎక్కువ పోసి ఉండొచ్చు. రెండు వైపులా పాత దస్తావేజు హద్దుల మధ్య కొలిచి, దాని సగం నుంచి 30 అడుగులు చూడండి. ఎదురింటివాళ్ల కాగితాలు కూడా కావాలి.

దస్తావేజు:
లెక్క తేలింది. అయిదు అడుగులు × 40 = 200 చదరపు అడుగులు, 22 గజాల పైన. అది పర్మిషన్ రోజునే ఆ గిఫ్ట్ డీడ్‌తో రాసిచ్చేశారు. దానికి డబ్బు రాదు. అప్పట్లో దానికి బదులు సెట్‌బ్యాక్ సడలింపో, అదనపు అంతస్తో తీసుకున్నారేమో ప్లాన్‌లో చూడండి. తీసుకుని ఉంటే దానికి టీడీఆర్ (పోయిన స్థలానికి బదులిచ్చే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు) కూడా అడగలేరు.

గొడవల్లా మూడు అడుగులది: 120 చదరపు అడుగులు, 13 గజాల పైచిలుకు. దీనికి దారులు మూడు. ఒకటి టీడీఆర్: 2017 చివర్లో మార్చిన నిబంధనల ప్రకారం రోడ్డుకు ఇచ్చిన స్థలానికి నాలుగు రెట్ల నిర్మాణ హక్కు. ఇంత చిన్న ముక్కకి కొనేవాళ్లు దొరకడం కష్టం. రెండు, ఒప్పందం మీద డబ్బు. మూడు, 2013 భూసేకరణ చట్టం: పట్టణంలో మార్కెట్ విలువకు నూరు శాతం సొలాటియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది, గోడకీ గేటుకీ చెట్లకీ విడిగా లెక్క కడతారు. 28వ సెక్షన్ కింద మిగిలిన ఆస్తికి జరిగే నష్టం కూడా అడగవచ్చు, కారు వెళ్లే దారి పోవడం అందులోకే వస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరానికి 60 రోజులు. గోడ మీద రంగు గీత నోటిఫికేషన్ కాదు.

కృష్ణాతీరం:
సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దని చెప్పింది కదా, అది చూపించండి చాలు.

దస్తావేజు:
చాలదు. 2024 నవంబరు 13 తీర్పు అది. రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలంలో ఉన్న అక్రమ కట్టడాలకు ఆ 15 రోజులు వర్తించవని అందులోనే ఉంది. వాళ్లు వెంటనే 'ఇది రోడ్డు స్థలం' అంటారు. మీకు పనికొచ్చేది దానికి వారం ముందు, నవంబరు 6న వచ్చిన మహారాజ్‌గంజ్ తీర్పు, ఉత్తరప్రదేశ్ రోడ్డు విస్తరణ కేసు. అక్కడ ఆక్రమణ 3.7 మీటర్లని తేలితే అంతకన్నా లోపలిదాకా కూల్చారు. కోర్టు 25 లక్షలు ఇవ్వమని, అన్ని రాష్ట్రాలకూ ఒక క్రమం పెట్టింది: రికార్డుల్లో రోడ్డు వెడల్పు ఎంతో తేల్చాలి, సర్వే చేయాలి, ఆక్రమణ ఉంటే నోటీసు ఇచ్చి, అభ్యంతరం మీద కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. ఉన్న వెడల్పు చాలకపోతే చట్టప్రకారం సేకరించాలి. మీ మూడడుగులకు ఇది అతికినట్టు సరిపోతుంది.

అర్జీ కమిషనర్ పేరున రాసి ఇన్‌వార్డ్‌లో (ఆఫీసులో అర్జీలు తీసుకునే చోట) ఇచ్చి, ముద్ర వేయించుకోండి. గిఫ్ట్ డీడ్, ప్లాన్, సేల్ డీడ్ కాపీలు, రెండు వైపుల గీతల ఫోటోలు జత చేయండి. 'అయిదు అడుగులు తీసుకోవడానికి అభ్యంతరం లేదు' అని మొదటి వాక్యంలోనే రాయండి. మొత్తం పనికే అడ్డు పడుతున్నట్టు కనిపిస్తే ఎవరూ వినరు. అదే రోజు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అలైన్‌మెంట్ స్కెచ్ (రోడ్డు ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూపే పటం), పరిపాలనా అనుమతి, మాస్టర్ ప్లాన్ నకలు అడగండి. జవాబుకి 30 రోజులు పడుతుంది, జేసీబీ అన్నాళ్లు ఆగదు, అందుకే అర్జీ ముందు. హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చినా మొదట అడిగేది ఆ ముద్ర ఉన్న కాపీనే.

తారుపొర:
ఆ సమాచార హక్కులో డ్రైన్ లాంగిట్యూడినల్ సెక్షన్ (పొడవునా మట్టాలు చూపే పటం), మిల్లింగ్ క్వాంటిటీ కూడా చేర్చండి. పైమట్టం తప్పు పోసుంటే అడుగున్నర తేడాలో కొంత వాళ్లే తగ్గించాలి.

నడకదారి:
ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె జరపకుండా ఇళ్లు జరపడం ఏమిటి? ఎస్టిమేట్‌లో యుటిలిటీ షిఫ్టింగ్ (స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల లాంటివి జరిపే ఖర్చు) ఉందేమో అడగండి. ఆ దిమ్మె అక్కడే ఉంటే ఎదురు ఫుట్‌పాత్ కూడా సగానికి తెగుతుంది.

సర్వేగొలుసు:
అదీ అసలు సంగతి. డిస్కమ్‌కి (కరెంటు పంపిణీ సంస్థకి) డబ్బు కట్టి జరిపించాలి. అది తప్పించుకోవడానికే గీత జరిగి ఉంటుంది.

తారుపొర:
జరపాలంటే ఎస్టిమేట్ రివైజ్ చేయాలి, మిల్లింగ్ లాగే దాన్నీ వదిలేస్తారు.

నడకదారి:
మళ్లీ మిల్లింగేనా. ఫుట్‌పాత్ వెడల్పు గురించి మాట్లాడుతున్నాం.

మూలఇల్లు:
ప్లేట్లు దొరికాయి, కారు బయటికొచ్చింది. రేపు ఇన్‌వార్డ్‌లో ఇస్తా. థ్యాంక్స్ అందరికీ.

సిమెంటుబస్తా:
గోడలో గాడి సంగతి ఏఈకి ఇప్పుడే చెప్పండి, పక్కింటి ముందు పోయడం మొదలైతే మీ దగ్గరకి మళ్లీ రారు.

తారుపొర:
లెవెల్ షీటు వస్తే ఇక్కడ పెట్టండి.