మాత్ర వేయని రోజు కూడా మేడమ్ "బాగా మారాడు" అంటా ఉంది, ఇదేంది?

కావలి అమ్మ:
మా పిలకాయకి ఎనిమిదేళ్లు, మూడో క్లాసు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవదు, కుదురుగా కూర్చోలేడు) అని నెల్లూరు డాక్టర్ గారు మిథైల్‌ఫెనిడేట్ రాశారు, మూడు వారాలయింది. స్కూల్లో మేడమ్ తెగ మెచ్చుకుంటా ఉంది. అయితే మొన్న ఉదయగిరి మా అమ్మోళ్లింటికి పోయి టాబ్లెట్ల షీటు ఆడే మర్చిపోయొచ్చా, ఇక్కడ షాపుల్లో దొరకలా, రెండ్రోజులు మాత్ర లేకుండానే స్కూలుకి పంపినా, మేడమ్‌కి చెప్పలా. ఆమేమో ఫోన్ చేసి మందు భలే పనిచేస్తా ఉందండీ అనింది! మా ఆయన ఒకటే నవ్వు. ఇదంతా మన నమ్మకమేనా, ఆపేద్దామా?

కందుకూరు టీచర్:
మేడమ్‌ని ఏమనబాకమ్మా, నేనూ అంతే. మాత్ర మొదలుపెట్టారని తెలిస్తే నా గొంతే తగ్గిపోద్ది, వాడు బెంచీ దిగినా చూసీచూడనట్టు పోతా. వాడు మారాడో నేను మారానో నాకే తెలీదు.

ఒంగోలు సైకాలజీ:
టీచర్ గారు చెప్పిందే 2009లో వాష్‌బుష్, పెల్హామ్ అనే పరిశోధకులు పాత పరిశోధనలు తిరగేసి రాశారు, ఉత్తుత్తి మాత్రతో (లోపల మందే ఉండదు) పిల్లల్లో పెద్దగా మార్పు లేదు, చూసే పెద్దోళ్ల చూపే మారతా ఉండొచ్చని. 1994లో ఇంకోటి, తీపి తింటే పిల్లలు ఆగరనే నమ్మకం మీద. పిల్లలందరికీ ఇచ్చింది అస్పర్టేమే (చక్కెర కాని తీపి), కొందరు తల్లులకి మాత్రం చక్కెర ఇచ్చాం అని చెప్పారు, వాళ్లేమో మావాడు ఇవాళ అస్సలు ఆగట్లేదని రాసి, దగ్గరే కాపలా కాస్తా తప్పులు పట్టారంట. (మా ఇంట్లో మలై కాజా పడిన నిందలు గుర్తొచ్చినాయి.)
అట్టని మందు ఉత్తిదే అనుకోబాకండి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ట్రయల్స్‌లో బాగానే పనిచేసింది. మామూలు రకమైతే నాలుగ్గంటలకి దిగిపోద్ది, మధ్యాహ్నం సంగతి వేరు. మీరై మీరు ఆపొద్దు, ఏ రోజు అసలు మాత్రో, ఏ రోజు ఉత్తుత్తిదో మేడమ్‌కి తెలీకుండా చూడొచ్చా అని డాక్టర్‌నే అడగండి. మాటలు కాదు, లెక్క పెట్టగలిగేది చూడండి.

కావలి అమ్మ:
లెక్కల నోట్సు తీసినా. మాత్ర వేసిన రోజుల్లో పదికి ఏడెనిమిది చేసుండాడు, ఆ రెండ్రోజులు మూడో లెక్క కాడే ఆగిపోయి మిగతా పేజీ అంతా బస్సు బొమ్మలు. రెండ్రోజులేలే, అయినా ఆపను, శనివారం ఆ నోట్సు పట్టుకుని నెల్లూరు పోతుండా. మా ఆయనకి ఇంకా చూపించలా, నవ్వుకోనీ రొంతసేపు.